ఎంగిలి ఇంటర్నెట్

2001లో మేము న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉండేవాళ్లం. ఇంట్లోకి ఇంటర్నెట్ తెచ్చే పెట్టె, కేబుల్ మోడెం ఒకటే, కంప్యూటర్లు మాత్రం రెండయ్యాయి. మా వారు ఒక పాతదాన్ని చవకగా కొనుక్కొచ్చి పదేళ్ల మా అబ్బాయి గదిలో పెట్టారు. దానికీ ఇంటర్నెట్ కావాలంటే నెలనెలా అదనంగా కట్టాలన్నారు కేబుల్ వాళ్లు. ఒకే కొళాయి నీళ్లు రెండు బిందెల్లో పట్టుకుంటే రెండు పన్నులా అని నాకు ఒళ్లు మండింది.

నా కంప్యూటర్లో విండోస్ 98 సెకండ్ ఎడిషన్ ఉండేది. కనెక్షన్‌ను మరో కంప్యూటర్‌తో పంచుకునే ఏర్పాటు అందులోనే ఉంది. నెట్‌వర్క్ కార్డులు రెండు పెట్టాలి: ఒకటి మోడెం వైపు, ఒకటి పిల్లవాడి గది వైపు. శనివారమంతా దానికే పోయింది. ఎంతకీ కార్డు మీద దీపం వెలగదు. తప్పు కేబుల్‌ది. ఆ రోజుల్లో రెండు కంప్యూటర్లను నేరుగా కలపడానికి క్రాసోవర్ కేబుల్ కావాల్సి వచ్చేది. దానికి ఒక కొసన నారింజ తీగల జత ఉన్నచోట రెండో కొసన ఆకుపచ్చ జత ఉంటుంది. మామూలు కేబుల్ వేస్తే ఇటు పలికే తీగ అటు పలికే తీగకే తగులుతుంది. ఇద్దరూ మాట్లాడేవాళ్లే, వినేవాళ్లు లేరు.

దీపం వెలిగాక వాడికి సందేహం వచ్చింది, బయటివాళ్లకు తన కంప్యూటర్ ఎక్కడుందో ఎలా తెలుస్తుందని. మా ఊళ్లో కొందరికి ఉత్తరాలు ‘కేరాఫ్ కిరాణా కొట్టు’ అని వచ్చేవని చెప్పాను. బయటి లోకానికి మన ఇంటి చిరునామా ఒకటే. లోపల నాది 192.168.0.1. నువ్వు ఏది అడిగినా నా కంప్యూటర్ తన పేరు మీద తెప్పించి, అడిగింది నువ్వని గుర్తుపెట్టుకుని నీకు అందిస్తుంది అన్నాను.

వాడు కాసేపు ఆలోచించి, “అయితే నాకు వచ్చేది నీ ఎంగిలి కదా అమ్మా?” అన్నాడు.

ఆ వారమే ఎంగిలి మీద మాకు పెద్ద గొడవైంది. బడిలో స్నేహితుడి స్ట్రాతో జ్యూస్ తాగాడని కోప్పడ్డాను. ఎంగిలి అంటే ఇంగ్లీషులో ఏమిటో చెప్పమన్నాడు. మాట దొరక్క, క్రిములని చెప్పి తప్పించుకున్నాను. మర్నాడు వాడి పళ్లెంలో మిగిలిన పప్పన్నం నేను తింటుంటే, “ఆ క్రిములు నీకేమీ చేయవా?” అని అడిగాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఈ ఏర్పాటులో చిక్కు ఒకటి ఉంది. నా కంప్యూటర్ ఆపితే వాడి ఇంటర్నెట్ కూడా ఆగిపోతుంది. రాత్రి తొమ్మిదిన్నరకు నేను లేవబోతే మేడ మీదనుంచి కేక వచ్చేది: “అమ్మా, ఆపకు! ఇంకొక్క పేజీ!” ఇంగ్లీషులో అడిగితే నాకు వినిపించేది కాదు. ఆ చెవుడు కావాలని తెచ్చుకున్నదే.

మరుసటి ఏడాది రౌటర్ కొన్నాం. కనెక్షన్‌ను పంచే పని ఇక ఆ పెట్టెదే. ఇకనుంచి నాది ఆపినా వాడిది నడుస్తుంది. వాడు ఆ పెట్టెను తిప్పి తిప్పి చూసి, ఇక నాకు నీ ఎంగిలి అక్కర్లేదన్నాడు. అన్నది ఇంగ్లీషులో, ‘ఎంగిలి’ ఒక్కటి తప్ప.