రాయగడలో 24 గంటల గది, విశాఖలో గోల్డ్ స్టేటస్

మాది బరంపురం. పట్టు నేసే దేవాంగుల వీధికి రెండు సందుల అవతల మా ఇల్లు. నేను హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్నాను, అమ్మ బరంపురంలోనే ఉంటుంది. రాయగడ మజ్జిగౌరమ్మకి చీర పెడతానని అమ్మ మొక్కుకుని మూడేళ్లు దాటింది. ఈ మాఘమాసంలో ఎలాగైనా తీసుకెళ్దామని బయల్దేరాను.

బరంపురం నుంచి రాయగడకి రైల్లో వెళ్లేవాళ్లు విజయనగరంలో బండి మారితే సరిపోతుంది. నేను మాత్రం అమ్మని ఇంకో అరవై కిలోమీటర్లు ముందుకి, విశాఖ దాకా రప్పించాను. కారణం నా క్రెడిట్ కార్డు. దాంతో పాటు ఒక పెద్ద హోటల్ కంపెనీ వాళ్ల గోల్డ్ స్టేటస్, అంటే తరచూ దిగేవాళ్లకి ఇచ్చే హోదా, వచ్చింది. ఏ కార్డు, ఏ హోటల్ అన్నది ఇక్కడ అనవసరం. పెద్ద గది ఇస్తారు, టిఫిన్ ఉచితం, మధ్యాహ్నం దాకా ఉండనిస్తారు, అమ్మ ఒక్క రాత్రి సుఖంగా పడుకుంటుంది అనుకున్నాను.

పెళ్లిళ్ల రోజులు. హోటల్ నిండిపోయింది. పెద్ద గది లేదన్నారు, మర్యాదగానే చెప్పారు. వాళ్లని తప్పు పట్టలేను, నిబంధనల్లోనే ‘ఖాళీ ఉంటే’ అని రాసి ఉంది. కానీ మనలాంటి వాళ్లం హోటల్‌లో దిగేది పెళ్లికో, పండక్కో, సెలవులకో. అందరూ దిగేదీ అప్పుడే. ఖాళీ ఉంటే ఇచ్చేది ఆ రోజుల్లో దొరకదు. ఇక టిఫిన్ ఏడింటికి మొదలవుతుంది, మా బండి అంతకుముందే. పైగా దర్శనం అయ్యేదాకా అమ్మ మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టదు. చిన్నప్పటి నుంచీ చూస్తున్న విషయమే, కార్డు తీసుకున్న రోజున మాత్రం నాకు గుర్తు రాలేదు.

బండి బొబ్బిలి, పార్వతీపురం దాటాక కొండలు దగ్గరికొచ్చాయి. రాయగడలో దిగేసరికి పదకొండు. గుడికి వెళ్లే ముందు అమ్మ స్నానం చెయ్యాలి. పెద్ద హోటళ్లలో అయితే రెండింటికో మూడింటికో గాని గది చేతికి రాదు. బజారులో ఒక లాడ్జికి వెళ్లాం. కౌంటర్ దగ్గర పెద్దాయన అమ్మ మోకాళ్లు చూసి కింది అంతస్తులో గది తాళం తీశాడు.

"రేపు ఎన్నింటికి ఖాళీ చెయ్యాలండీ?" అన్నాను.

"24 గంటలు బాబూ. పదకొండుకి దిగారు కదా, రేపు పదకొండుకి ఎల్తే చాలు."

ఇది ఆయన నాకు చేసిన సాయం కాదు. మన వైపు చాలా లాడ్జీల పద్ధతే ఇది. వచ్చిన గంట నుంచి లెక్క. ఏ కార్డూ అడగరు, ఎవరికైనా ఒకటే. పెద్ద హోటల్‌లో స్టేటస్ ఉన్నవాళ్లకి, అదీ ఖాళీ ఉంటేనే ఎక్కువగా ఇచ్చే రెండు గంటల కోసం నేను ఏడాదికి ఫీజు కడుతున్నాను. లాడ్జిలో గీజరు లేదు, బకెట్‌తో వేడినీళ్లు తెచ్చిచ్చారు. అమ్మకి అది చాలింది. దర్శనం బాగా అయింది. చీర అమ్మవారి పాదాల దగ్గర పెట్టి వచ్చాక వీధి చివర బండి దగ్గర ఉప్మా, వడ తిన్నాం.

మర్నాడు గుణుపురం మీదుగా పర్లాకిమిడి. అక్కడ పిన్ని ఇల్లు ఉంది, హోటల్ మాటే లేదు. మహేంద్రతనయ నదికి అవతల ఆంధ్రలో పాతపట్నం, ఇవతల ఒడిశా. 1936లో ఒడిశా వేరైనప్పుడు గీత గీశారు గాని పిన్ని వాళ్ల చుట్టాలు సగం మంది ఆ ఒడ్డునే ఉన్నారు.

రాత్రి బావతో ఈ కార్డుల మాట వచ్చింది. బావది ఆస్పత్రులకి మెషీన్లు అమ్మే ఉద్యోగం, నెలకి నాలుగైదు రాత్రులు నగరాల్లోనే. ఆయనకి స్టేటస్ కార్డు లాభమే, నేను కాదనను. అయినా స్టేటస్‌లో ఏ మెట్టు అన్నది చూసుకోవాలి. ఉదాహరణకి మారియట్ హోటళ్ల వాళ్ల పథకంలో సిల్వర్ రావాలంటే ఏడాదికి 10 రాత్రులు దిగాలి, గోల్డ్‌కి 25, ప్లాటినమ్‌కి 50. టిఫిన్, లాంజ్ లాంటివి ప్లాటినమ్ నుంచే మొదలు, గోల్డ్‌లో టిఫిన్ లేదు. హిల్టన్‌లో అయితే మన దేశంలో గోల్డ్‌కే టిఫిన్ ఇస్తారు. పేరు రెండు చోట్లా గోల్డే, ఇచ్చేది వేరు. హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు 2023లో మారియట్‌తో కలిసి కార్డు తెచ్చినప్పుడు ఏడాది ఫీజు 3,000, దానిపైన జీఎస్టీ. దాంతో వచ్చేది సిల్వర్. అందులో నాకు విలువగా కనిపించింది సిల్వర్ కాదు, ఏడాదికి ఒక రాత్రి ఉచితంగా ఉండే అవకాశం. అది వాడుకుంటే ఫీజు వచ్చేసినట్టే, వాడకపోతే పోయినట్టే.

బావ ఇంకో మాట చెప్పాడు. ఒకసారి ట్రావెల్ యాప్‌లో ఎనిమిది వందలు తక్కువని గది తీసుకుంటే పాయింట్లూ రాలేదు, టిఫినూ ఇవ్వలేదట. హోటల్ సొంత సైట్‌లోనో యాప్‌లోనో తీసుకుంటేనే మామూలుగా స్టేటస్ చెల్లుతుంది. కాబట్టి ఆ ఎనిమిది వందల తేడా కూడా లెక్కలో వెయ్యాలి.

పిన్ని ఇంటి అరుగు మీద కూర్చుని కిందటేడాది నేను బయట పడుకున్న రాత్రులు రాసుకున్నాను. మొత్తం 19. చుట్టాల ఇళ్లలో 9, లాడ్జీల్లో 6, నా స్టేటస్ చెల్లే హోటళ్లలో 4. ఆ నాలుగింటిలో టిఫిన్ తిన్నది రెండు పొద్దుటలు. ఇద్దరికి కలిపి ఎంత లెక్కేసినా కార్డు ఫీజులో నాలుగో వంతు రాలేదు.

అమ్మ పక్కనే మంచం మీద పడుకుని అంతా వింటోంది. "వచ్చేసారి విజయనగరంలోనే బండి మారదాం నాన్నా," అంది.

కార్డు రెన్యూవల్ వచ్చే నెల 12న. ఈ లోపల బ్యాంకుకి ఫోన్ చేసి ఆపించెయ్యాలి.