తుపాకీకి లైటు బిగించే పని

డల్లాస్‌కి ఉత్తరాన నేను పనిచేసే తుపాకుల షాపులో వెనకవైపు ఒక బల్ల ఉంది. దాని మీద రబ్బరు చాప, బెంచ్ వైస్, అలెన్ కీలు, ఎంత బలంతో బిగించాలో కొలిచి చెప్పే టార్క్ రెంచ్, తెల్ల పెయింటు పెన్ను. విశాఖలో ఐటీఐ ఫిట్టర్ చేసి, చాలా ఏళ్లు వర్క్‌షాపుల్లో పనిచేసి, అక్క స్పాన్సర్ చేసిన గ్రీన్ కార్డు మీద ఇక్కడికి వచ్చాను. రెండేళ్లు గ్యాస్ స్టేషన్‌లో నైట్ డ్యూటీ. తర్వాత ఈ పని దొరికింది. తుపాకుల షాపులో చేస్తున్నానంటే మనవాళ్లు ఒక్క క్షణం మాట్లాడరు. నాకు మాత్రం ఇదీ ఫిట్టర్ పనే. రెండు భాగాలు సరిగ్గా కూర్చోవాలి, కూర్చున్నవి కదలకూడదు.

నా బల్ల మీదికి ఎక్కువగా వచ్చేది కార్బైన్‌కి, అంటే పొట్టి రైఫిల్‌కి, లైటు బిగించే పని. ఇక్కడ చాలామంది ఇంటి కాపలాకి, పొలంలో అడవి పందులకి, రేంజ్‌లో ప్రాక్టీసుకి ఒకటే రైఫిల్ పెట్టుకుంటారు. మామూలుగా అది పదహారు అంగుళాల బ్యారెల్ (గొట్టం) ఉన్న ఏఆర్-15 రకం. దానికి ఏ లైటు పెట్టాలని అడిగేవాళ్లంతా ముందు ల్యూమెన్ల అంకె చూస్తారు. ఆ అంకె ఒక్కటే చూసి కొనొద్దని నేను ప్రతివాళ్లకీ చెబుతాను.

ల్యూమెన్ అంటే లైటు నుంచి మొత్తం ఎంత వెలుగు వస్తోందో చెప్పే కొలత. క్యాండెలా అంటే ఆ వెలుగు ఒకవైపుకి ఎంత గట్టిగా పోతోందో చెప్పేది. డబ్బా మీద మీటర్లలో ఒక దూరం వేస్తారు కదా, దానికి చిన్న లెక్క ఉంది. క్యాండెలా అంకెకి వర్గమూలం తీసి రెండుతో గుణించాలి. 10,000 క్యాండెలాకి 200 మీటర్లు, 40,000కి 400 మీటర్లు. అంటే క్యాండెలా నాలుగు రెట్లు పెరిగితే దూరం రెండింతలే. పైగా ఆ దూరానికి వెళ్లేసరికి మిగిలేది పున్నమి వెన్నెలంత వెలుగు. అక్కడ నిలబడ్డది పందో, పక్కింటి కుక్కో తేల్చడానికి అది చాలదు. అందుకే డబ్బా మీది దూరంలో సగాన్ని కూడా నేను నమ్మను. ఇంట్లో సంగతి వేరు. తెల్ల గోడ మీద పడ్డ వెలుగంతా తిరిగి మన కళ్లలోనే కొడుతుంది. పొలం, ఇల్లు రెండూ చూసుకోవాలంటే మధ్యలో గట్టి బీమ్, చుట్టూ తగినంత పరుచుకునే వెలుగు ఉన్న లైటు తీసుకోమంటాను.

ఇక బిగించడం. బ్యారెల్ చుట్టూ చేత్తో పట్టుకునే తొడుగుని హ్యాండ్‌గార్డ్ అంటారు. కొత్త వాటిలో ఎక్కువ వాటికి ఎమ్-లాక్ అనే పొడవాటి గాడులు ఉంటాయి. పాత వాటికి పికటిన్నీ రైలు, అంటే అడ్డంగా గాట్లు ఉన్న పట్టీ. లైటు కొనేముందు తమ రైఫిల్‌కి ఏది ఉందో చూసుకోని వాళ్లే ఎక్కువ. లైటు ఎంత ముందుకి ఉంటే బ్యారెల్ నీడ అంత తగ్గుతుంది. మరీ కొసకి జరిపితే కాల్చినప్పుడు మసి వచ్చి లైటు అద్దం మీద కూర్చుంటుంది. మా ఓనరు కాల్చే ముందు అద్దం మీద లిప్ బామ్ సన్నగా పూస్తాడు. తర్వాత గుడ్డతో తుడిస్తే మసి దాంతోపాటే వచ్చేస్తుంది. స్విచ్ ఎక్కడ ఉండాలో నేను చెప్పను. ఖాళీ అని రెండుసార్లు చూసుకున్న రైఫిల్ చేతికిచ్చి, కళ్లు మూసుకుని మామూలుగా పట్టుకోమంటాను. బొటనవేలు ఆగిన చోటే స్విచ్.

చేరిన కొత్తలో ఒక తప్పు చేశాను. ఒక పెద్దాయన రైఫిల్‌కి లైటు బిగించి పంపితే, రేంజ్‌లో రెండో మ్యాగజైన్ (తూటాల పెట్టె) కాల్చేసరికే ఊడి కింద పడిందట. తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒక్క మాట కూడా అనలేదు, అదే నాకు ఎక్కువ బాధేసింది. స్క్రూ తీసి చూస్తే మరల మధ్య ఫ్యాక్టరీ నూనె అలాగే ఉంది. దాని మీదే నీలం రంగు లాక్‌టైట్, అంటే స్క్రూ వదులవకుండా పట్టే జిగురు, వేశాను, అది పట్టలేదు. ఫిట్టర్‌గా అన్నేళ్లు చేసిన నాకు ఆ జిడ్డు కనబడకపోవడం ఏంటని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి ప్రతి స్క్రూనీ ఆల్కహాల్‌తో కడిగి ఆరబెడతాను. లాక్‌టైట్ ఒక్క చుక్క వేసి, లైటుతో వచ్చిన కాగితంలో రాసిన అంకెకే టార్క్ రెంచ్ పెట్టి, స్క్రూ తల మీది నుంచి మౌంటు మీదికి పెయింటు పెన్నుతో ఒక తెల్ల గీత గీస్తాను. గీత విడిపోతే స్క్రూ కదిలినట్టు.

మన కుర్రాళ్లూ వస్తుంటారు. తెలుగు వినగానే "అన్నా" అంటూ దగ్గరికి వచ్చేస్తారు. ముందు వీసా ఏంటని అడుగుతాను. హెచ్-1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా నేరం. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి గానీ, లాయర్ని అడగకుండా వాటి మీద ఆధారపడొద్దని గట్టిగా చెబుతాను. ఇన్నేళ్ల కష్టం ఒక సరదాకి పోకూడదు.

పోయిన చలికాలం ఫ్రిస్కో నుంచి ఒక జంట వచ్చారు. సిటిజన్లే. ఆయన అన్నిటికన్నా పెద్ద అంకె ఉన్న లైటు ఎంచుకున్నాడు. నేను గీత గీస్తుంటే ఆవిడ అడిగింది.

"అన్నయ్యా, రాత్రి హాల్లో చప్పుడైతే ఎవరో చూడాలంటే దీన్ని ఎత్తి చూపించాలా?"

"లైటు ఎటు ఉంటే గొట్టం కూడా అటే కదమ్మా."

"మా అత్తయ్యగారు రాత్రి రెండింటికి మంచినీళ్లకి లేస్తారు."

ఆయన చేతిలో ఉన్న డబ్బా కౌంటర్ మీద పెట్టేశాడు.

తుపాకీ శిక్షణ ఇచ్చిన అమెరికన్ జెఫ్ కూపర్ చెప్పిన నాలుగు భద్రతా నియమాలు మా షాపు గోడ మీద ఉన్నాయి. నాశనం చేయడానికి సిద్ధంగా లేని దేని మీదికీ గొట్టం తిప్పకూడదని రెండోది. గురి ఏంటో తెలుసుకోమని నాలుగోది. రోజూ వాటి కిందే నిలబడి పనిచేస్తున్నా, ఆ రెండూ ఒకదానికొకటి అడ్డం వచ్చే చోటు ఇదేనని ఆవిడ అడిగాకే నాకు పూర్తిగా తెలిసింది. వెతకడానికి చేతి టార్చి ఉండాలి. రైఫిల్ మీది లైటు, రైఫిల్ ఎత్తక తప్పని పరిస్థితి వచ్చాక, ఎదుట ఉన్నది ఎవరో చివరిసారి చూసుకోవడానికి. దాన్ని ఇల్లు వెతకడానికి వాడకూడదు. మా ఊళ్లో నాన్న పొలానికి నీళ్లు కట్టడానికి వెళ్తూ టార్చి నా చేతికిస్తే, "మనుషుల మొహం మీద వెయ్యకు, కాళ్ల ముందు వెయ్యి" అనేవారు. అదే మాట వాళ్లకీ చెప్పాను.

ఆయన లైటు మార్చుకుని ఒక మోస్తరుది తీసుకున్నాడు. దాంతోపాటు ఒక చేతి టార్చి. హాల్లో గోడకి ప్లగ్గులో పెట్టే చిన్న నైట్ ల్యాంపు కొనుక్కోమన్నాను, అది మా దగ్గర దొరకదు.

రెండు నెలలకి రైఫిల్ చూపించడానికి వచ్చాడు. మూడుసార్లు రేంజ్‌కి వెళ్లాడట. అద్దం నిండా మసి, తుడిచి ఇచ్చాను. తెల్ల గీత గీసినట్టే ఉంది. నైట్ ల్యాంపు పెట్టారా అని అడిగాను. పెట్టామన్నాడు, అత్తయ్యగారి గది బయట ఒకటి, వంటింటి దగ్గర ఒకటి.