అయిదు పాటల వెనుక పేర్లు

లండన్‌లో నేను చేసే పని గాయకుల గొంతులను సరిచూసి కూర్చడం. ఈ ఏడాది అందులో ఎక్కువ భాగం ఒక యువ పాప్ గాయని తొలి ఈపీతో గడిచింది. అయిదు పాటలు, మొత్తం పదిహేడు నిమిషాలు. ఆపిల్ మ్యూజిక్ లెక్క ప్రకారం నాలుగు నుంచి ఆరు పాటలుండి నిడివి 30 నిమిషాల లోపు ఉంటే అది ఈపీ. 1952లో ఆర్‌సీఏ విక్టర్ సంస్థ ఏడంగుళాల రికార్డు మీద ఒక్కో పక్కన రెండేసి పాటలు పట్టించి ఈ రూపాన్ని అమ్మకానికి తెచ్చింది. ఆ రికార్డుల కాలం వెళ్లిపోయినా ఈ కొలత మిగలడం మంచిదే అయిందని నా అభిప్రాయం. కొత్త గాయనికి ఆల్బమ్ మోయలేని బరువు, ఒక్క పాట చాలీచాలని పరిచయం. అయిదు పాటల్లో అయితే ఆమె గొంతు ఏయే తీరుల్లో పలుకుతుందో వినేవారికి తెలిసిపోతుంది.

గాయని ఒక్కో చరణాన్ని ఎనిమిది పది సార్లు పాడుతుంది. వాటన్నిటినీ వరుసగా పేర్చుకుని, ఏ పంక్తి ఏ టేక్‌లో బాగుందో, ఒక్కోసారి ఏ అక్షరం ఏ టేక్‌లో బాగుందో ఎంచి ఒకే గొంతుగా కలపడాన్ని స్టూడియోల్లో కాంపింగ్ అంటారు. అతుకు వినబడకూడదంటే దాన్ని సాగదీసిన అచ్చు మధ్యలో కాక, హల్లు పలికే చోటో ఊపిరి తీసుకునే చోటో వేయాలి. ఊపిరి చప్పుడును పూర్తిగా తీసేయమని కొందరు నిర్మాతలు కోరతారు. నేను కాస్త తగ్గిస్తానే గాని తుడిచివేయను, ఎందుకంటే ఊపిరి లేని పాటలో మనిషి ఉన్నట్టే అనిపించదు. పల్లవిలో గాయని అదే పంక్తిని మళ్లీ మళ్లీ పాడి, వాటిని ఒకదానిమీద ఒకటి పరిచినప్పుడు మరో చిక్కు వస్తుంది. ఒక్కో గొంతులో సకారం వెంట్రుకవాసి తేడాతో పలికి, అన్నీ కలిసి బుస కొట్టినట్టు వినిపిస్తాయి. అందుకే ప్రధాన గొంతులో మాత్రమే సకారాన్ని ఉంచి, తక్కినవాటిలో కత్తిరిస్తాం. వినేవారికి ఈ సంగతి తెలియదు, తెలియకూడదు కూడా.

1997లో ఆటో-ట్యూన్ వచ్చినప్పటి నుంచి శ్రుతిని యంత్రంతో సరిచేయడం పాప్ సంగీతంలో మామూలైపోయింది. మేము వాడే మెలొడైన్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక స్వరం నెమ్మదిగా పక్కకు జరగడాన్నీ, దాని లోపలి కంపనాన్నీ వేర్వేరుగా అదుపు చేయవచ్చు. మూడో పాటలో గాయని ఒక పంక్తి చివర కింది స్వరం నుంచి పై స్వరానికి జారుతూ చేరింది. నిర్మాత చెవికి అది ఆలస్యంగా అందుకున్న శ్రుతి. గమకాలు వింటూ పెరిగిన నాకు ఆ జారుడులోనే పాటంతా ఉంది. చాలాసేపు వాదించుకున్నాక గాయని రెండు రకాలూ విని, జారుడునే ఉంచమంది.

పరాయి దేశంలో పనిచేసేవాడికి ఇంకో విషయం ఇంతకన్నా ముఖ్యం. నేను చదివిన కాలేజీ గాని, నన్నెరిగిన పెద్దల మాట గాని ఇక్కడ నాకు పని తెచ్చిపెట్టవు. పాట వివరాల్లో ఉన్న పేరే నా తరఫున మాట్లాడాలి. బ్రిటన్‌లో పాట రేడియోలోనో బహిరంగ స్థలంలోనో మోగితే, రాసినవారికీ బాణీ కట్టినవారికీ పీఆర్ఎస్ అనే సంస్థ ద్వారా, పాడినవారికీ వాయించినవారికీ రికార్డింగు హక్కుదారులకూ పీపీఎల్ అనే మరో సంస్థ ద్వారా సొమ్ము చేరుతుంది. గొంతును కూర్చినవాడికి ఈ రెండింటిలోనూ చోటు లేదు. ఒప్పుకున్న పారితోషికం ముట్టాక అతనికి మిగిలేది పేరొక్కటే. నాలుగో పాటకు వంత పాడిన అమ్మాయి కూడా నాలాగే వలస వచ్చిన మనిషి. అంతకుముందు వేరేచోట పాడిన పాటలో ఆమె పేరు ఎక్కడా నమోదు కాలేదు, దాని మీద ఆమెకు రావలసిన వాటా కూడా రాలేదు. అందుకే గొంతులనూ వాద్యాలనూ కలిపే మిక్సింగు మొదలుకాకముందే ప్రతి పాటకూ ఎవరు ఏం చేశారో పూర్తి పేర్లతో ఒక పట్టిక రాయించాను. గాయని స్వయంగా కూర్చుని అక్షరదోషాలు దిద్దింది.

విడుదలకు ముందు పాటలకు తుదిమెరుగు దిద్దే మాస్టరింగు త్వరగానే ముగిసింది. ప్రతి రికార్డింగుకూ దాన్ని గుర్తుపట్టడానికి అక్షరాలూ అంకెలూ కలిపి 12 ఉండే ఐఎస్‌ఆర్‌సీ సంకేతం ఉంటుంది. ముందుగా సింగిల్‌గా వచ్చిన పాటను ఈపీలో చేర్చేటప్పుడు అదే సంకేతం ఇస్తే పాత శ్రోతల లెక్క చెక్కుచెదరదు. స్పాటిఫైలో పాటల జాబితాలు కూర్చే సంపాదకులకు విడుదలకు కనీసం 7 రోజుల ముందు ఒక్క పాటనే ప్రతిపాదించే వీలుంది గనుక ఏ పాట పంపాలన్నది పెద్ద చర్చ అయింది. నేను మూడోది అన్నాను, వాళ్లు రెండోది పంపారు. ఒకప్పుడు బ్రిటన్‌లో సోమవారం, అమెరికాలో మంగళవారం కొత్త పాటలు వచ్చేవి. 2015 జూలై 10 నుంచి ప్రపంచమంతటా శుక్రవారమే విడుదల రోజు. ఏ దేశపు అర్ధరాత్రికి ఆ దేశంలో పాట తెరుచుకుంటుంది కాబట్టి, న్యూజిలాండ్ శ్రోతలు మా ఈపీని విన్నప్పుడు లండన్‌లో ఇంకా గురువారం పట్టపగలే.

తర్వాతి వారం ఆ వంతపాట అమ్మాయీ నేనూ కూర్చుని పీపీఎల్‌లో నాలుగో పాట నమోదును సరిచూశాం. ఆమె పేరు పూర్తిగా, తప్పుల్లేకుండా ఉంది. ఇప్పుడు కొత్త ఈపీ పని వచ్చినప్పుడల్లా, రికార్డింగు ఫైళ్లతో పాటే పేర్ల పట్టికనూ పంపమని అడుగుతున్నాను.