డయల్-అప్ మోడెమ్ కలిసింది, పేజీలు తెరుచుకోవడానికి ఇంకాస్త పట్టింది

లినక్స్ మీద పాత సీరియల్ మోడెమ్‌తో నెట్ నడిపే పని ఒక కొలిక్కి వచ్చింది. కావాలనే బయట పెట్టుకునే మోడెమ్ తీసుకున్నాను. లోపల బిగించే విన్‌మోడెమ్‌లు చాలా పనిని డ్రైవర్ మీదకు నెట్టేస్తాయి, వాటికి లినక్స్ డ్రైవర్ దొరకడమే కష్టం.

ముందు మినీకామ్‌లో (సీరియల్ పోర్టుతో నేరుగా మాట్లాడే ప్రోగ్రామ్) పోర్టు చూశాను. విండోస్‌లో కామ్1 అనేదే ఇక్కడ టీటీవైఎస్0. డెబియన్‌లో అయితే మన యూజర్ డయల్‌అవుట్ గ్రూపులో ఉండాలి. మోడెమ్‌ను పలకరించే 'ఏటీ' కమాండ్ కొట్టగానే 'ఓకే' వచ్చింది, అంటే కేబుల్, పోర్టు, మోడెమ్ మూడూ బాగానే ఉన్నాయి. ఇది చూసుకోకుండా పీపీపీ (ఫోన్ లైను మీద నెట్ నడిపే ప్రోటోకాల్) సెట్టింగుల్లో తల దూర్చకండి.

తర్వాత పీపీపీని నడిపే ప్రోగ్రామ్ పీపీపీడీకి డీబగ్ ఆప్షన్ ఇచ్చి, లాగ్‌ను పక్క టెర్మినల్‌లో తెరిచి ఉంచాను. పని ఎక్కడ ఆగిందో ఆ లాగే చెప్పేస్తుంది, ఊహలతో పనిలేదు. ఫోన్ కలిసింది, 'కనెక్ట్' కూడా వచ్చింది, కానీ పీపీపీ లింకు కుదుర్చుకోవడానికి పంపే ఎల్‌సీపీ కాన్ఫిగ్-రిక్వెస్టులు పంపి పంపి టైమౌట్ అయిపోయింది. అవతల పీపీపీ ఇంకా మొదలే కాలేదన్నమాట. మినీకామ్ నుంచి చేత్తో డయల్ చేస్తే సంగతి బయటపడింది: అటువైపు 'లాగిన్:' అని అడిగి ఎదురుచూస్తోంది. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇవ్వగానే తెర మీద ~ గుర్తులు, మధ్యమధ్య } ఫ్లవర్ బ్రాకెట్లు కలిసిన చెత్త అక్షరాలు వరసకట్టాయి. అవి చూసి ఎంత సంతోషమేసిందో! పీపీపీ మాట్లాడటం మొదలుపెట్టిన గుర్తు అదే. డయల్ చేసేటప్పుడు మోడెమ్‌తో మాట్లాడే చాట్ స్క్రిప్టులో ఆ ప్రశ్నలకు జవాబులు చేర్చాను. ప్రాంప్ట్‌లో మొదటి అక్షరం వదిలేసి 'ఓగిన్:' అని రాస్తే, 'ఎల్' పెద్దదైనా చిన్నదైనా సరిపోతుంది.

ఐపీ అడ్రస్ వచ్చింది, పేజీలు మాత్రం రాలేదు. అవతలి కొసకు పింగ్ వెళ్తోంది, దాన్ని దాటి ఎక్కడికీ పోవడం లేదు. లాగ్ మళ్లీ చదివితే కారణం అక్కడే ఉంది: ఉన్న డిఫాల్ట్ రూటును (బయటికి వెళ్లే ప్యాకెట్లు పట్టే దారి) మార్చడం లేదని ఒక లైను. ఈథర్‌నెట్ కేబుల్ గుచ్చే ఉంది, ప్యాకెట్లన్నీ అటే పోతున్నాయి. డిఫాల్ట్‌రూట్ ఆప్షన్ ఇచ్చినా, ముందే వేరే రూటు ఉంటే పీపీపీడీ దాని జోలికి పోదు. పాత రూటు తీసేసి మళ్లీ డయల్ చేస్తే గూగుల్ డీఎన్ఎస్ సర్వర్ 8.8.8.8 నుంచి జవాబొచ్చింది.

సైట్ల పేర్లు మాత్రం అప్పటికీ పలకలేదు. పేర్లను ఐపీ అడ్రస్‌లుగా మార్చే డీఎన్ఎస్ సర్వర్లను అవతలివైపు నుంచే తీసుకునే యూజ్‌పీర్‌డీఎన్ఎస్ ఆప్షన్ చేర్చాక అదీ తీరిపోయింది.

పోర్టు స్పీడు 115200 పెట్టి, సీఆర్‌టీఎస్‌సీటీఎస్ ఆప్షన్‌తో హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ (డేటా పొంగిపోకుండా ఆపి పంపే ఏర్పాటు) ఆన్ చేశాను. మోడెమ్ డేటాను కుదించి పంపుతుంది కాబట్టి పోర్టు స్పీడు లైను స్పీడు కంటే ఎక్కువ ఉండాలి. ఇక లైను మధ్యలో తెగిపోతే వెంటనే తెలిసేలా, అవతలివైపు ఉందా అని మధ్యమధ్య అడిగే ఎల్‌సీపీ ఎకో పెట్టడం మిగిలింది.