మావయ్య అడిగిన వెండి నీళ్లు

వెండి నీళ్ల గోల మా మావయ్య మొదలుపెట్టారు. కరెంటుతో వెండిని సన్నటి నలుసులుగా నీళ్లలోకి దింపి తాగితే ఒంటికి మంచిదని ఎవరో ఫోన్‌కి పంపిన వీడియో చూసి, "నువ్వు సైన్సు చెప్తావు కదరా, చేసిపెట్టు. రోజూ రెండు చెంచాలు తాగుతాను" అన్నారు. పర్లాకిమిడిలో పదో తరగతి పిల్లలకు ట్యూషన్ చెప్పుకుంటుంటాను. తాగడం మాట ఎలా ఉన్నా, చేసి చూడాలని నాకే సరదా పుట్టింది.

కంసాలితో మేలిమి వెండిని కమ్మచ్చులో లాగించి, జానెడు తీగలు రెండు తెచ్చాను. 92.5 వెండి వద్దన్నాను. మిగతాది ఎక్కువగా రాగే, కరెంటు పెడితే అదీ నీళ్లలోకి దిగుతుంది. 9 వోల్టుల బ్యాటరీలు మూడు వరసగా కలిపితే 27 వోల్టులు.

గ్లాసులో నిలవ నీళ్లలో పెడితే ఒక తీగకు వెండి పొడే నల్లటి బూజులా పట్టి, పెరిగి పెరిగి రెండో తీగను అందుకోబోయింది. నీళ్లు పారుతుంటే బూజు నిలవదు కదా అని తీగల్ని కుళాయి ధార కింద పెట్టాను. పాలు కలిపినట్టు తెల్లగా దిగింది. మావయ్య మురిసిపోయారు. ఎండ తగిలేసరికి అదే ఊదారంగులోకి తిరిగి నల్లబడింది. కుళాయి నీళ్లలోని క్లోరైడుతో కలిసి వెండి సిల్వర్ క్లోరైడ్ అయిపోయిందన్నమాట. "పోనీ మహేంద్రతనయ నీళ్లు తెస్తానురా, తియ్యగా ఉంటాయి" అన్నారు. ఏటి నీళ్లలోనూ ఉప్పులుంటాయి మావయ్యా అన్నాను.

చివరికి డిస్టిల్డ్ వాటర్ లీటరు కొన్నాను. బల్ల మీద ఒక సీసా, కింద ఒక సీసా, మధ్యలో తీగలు దింపిన గాజు గొట్టం, పైనుంచి కొత్త సెలైన్ సెట్. దాని చక్రం తిప్పి గంటకు లీటరు దిగేలా సర్దాను. కింద చేరిన నీళ్లను మళ్లీ పైన పోయడం, బూజు ఒకే తీగకు పేరకుండా తిప్పు తిప్పుకీ ప్లస్, మైనస్ మార్చడం. ఉత్త నీళ్లలో మొదట కరెంటు పారనే పారదు, మీటరు 0.2 మిల్లీ ఆంపియర్ల దగ్గరే కూర్చుంది. వెండి అయాన్లు చేరేకొద్దీ ఎక్కింది. మూడో తిప్పుకి నీళ్లలో లేత పసుపు ఛాయ. దీపం ఆర్పి లేజర్ వేస్తే నీళ్లలో ఎర్రటి గీత. కంటికి కనపడని వెండి నలుసులు వెలుగును చెదరగొడుతున్నాయన్నమాట. నేనే గంతేశాను!

రాత్రి లెక్క వేశాను. ఒక మిల్లీ ఆంపియరు గంటసేపు పారితే ఫారడే సూత్రం ప్రకారం దాదాపు 4 మిల్లీగ్రాముల వెండి కరుగుతుంది. నా సగటు ఒక మిల్లీ ఆంపియరు, మూడు గంటలు, అంటే 12 మిల్లీగ్రాములు. అందులో సగం రెండో తీగకే అంటుకుందనుకున్నా లీటరుకు 6 మిల్లీగ్రాములు. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ఒప్పుకునే వెండి లీటరుకు 0.1 మిల్లీగ్రాము మాత్రమే. అరవై రెట్లు!

మావయ్య "రెండు చెంచాలకేటవుతాది" అన్నారు. రోజూ తాగుతూ పోతే ఒంట్లో వెండి పేరుకుని చర్మం నీలి బూడిద రంగుకి మారొచ్చని, మారితే మళ్లీ పోదని చెప్పాను. ఇలాంటి మందులు పనిచేస్తాయనడానికి ఆధారం లేదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1999లోనే తేల్చిందనీ చెప్పాను. అవేవీ చెవికెక్కలేదు. వంటింట్లోంచి అత్తయ్య, "ఈ వయసులో కృష్ణుడి వేషమేటండీ" అంది. దాంతో చెంచా పక్కన పెట్టారు.

సీసాకు నల్ల కాగితం చుట్టి బీరువాలో పెట్టాను. నలుసులు వెలుగును చెదరగొట్టడం గురించిన టిండాల్ పాఠం రోజున తీస్తాను. మావయ్య మాత్రం వెండి గ్లాసులో మామూలు నీళ్లే తాగుతున్నారు.