పీచుమిఠాయి రంగు

కూకట్‌పల్లి, రాత్రి 10.40

నిజాంపేట రోడ్డులోని పచ్చళ్ల కొట్టు ఆంటీ నిన్న అడిగినవి రెండే. సైట్లో ఆర్డర్ బటన్ ఎర్రగా ఉండాలి, ఆవకాయ కిలో రేటు పెంచాలి. చాయ్ చల్లారేలోపు అయిపోయే పని.

పేజీ రంగులూ రూపం రాసి ఉండే సీఎస్ఎస్ ఫైల్లో రంగు మార్చి రిఫ్రెష్ కొట్టాను. ఆకుపచ్చే. సెమికోలన్ మరిచానా అని చూశా, ఉంది. బ్రౌజర్ దాచుకున్న పాత కాపీ (క్యాష్) చూపిస్తోందేమోనని, దాని డెవ్‌టూల్స్‌లో 'డిసేబుల్ క్యాష్'కి టిక్ పెట్టినా ఆకుపచ్చే. అసలు ఫైలు సర్వర్‌కి ఎక్కుతోందా అని అనుమానమొచ్చి, పేజీ మొత్తానికీ గులాబీ రంగు పూశాను. ఉలుకూ పలుకూ లేదు. అప్పుడు గానీ నెట్‌వర్క్ ట్యాబ్‌లో, ఫైలుతో పాటు వచ్చే సమాచారం, అదే హెడర్, చూడాలని తోచలేదు. నా సర్వర్‌కీ సైటు చూసేవాళ్లకీ మధ్య ఉండే క్లౌడ్‌ఫ్లేర్ 'హిట్' అంటోంది. అంటే ఫైలు కోసం నా సర్వర్ దాకా వచ్చి అడగడమే లేదు, మధ్యలోనే తన దగ్గరున్న పాత కాపీ ఇచ్చేస్తోంది. అందులోనే డెవలప్‌మెంట్ మోడ్ ఆన్ చేశాను. మూడు గంటలు క్యాష్‌ని పక్కన పెట్టి, తర్వాత దానంతటదే ఆగిపోతుంది. నాలాంటి మతిమరుపు వాళ్ల కోసమే పెట్టి ఉంటారు.

గులాబీ రంగు భగ్గుమంది. చెరిపేలోపే ఫోను.

"ఏం బాబూ, కొట్టంతా పీచుమిఠాయిలా ఉందేంటి?"

వాళ్లబ్బాయి కొనిచ్చిన కొత్త ఫోన్లో సరిగ్గా ఆ నిమిషంలోనే తెరిచారట.

"రెండు నిమిషాలు ఆంటీ" అని సరిచేశాను. నాకు బాగానే ఉంది, ఆవిడకి గులాబీయే. ఎందుకుండదు? సైటు కట్టిన రోజు, స్పీడు కోసమని సీఎస్ఎస్‌కి మాక్స్-ఏజ్, అంటే బ్రౌజర్ కాపీ దాచుకునే గడువు, 3,15,36,000 సెకన్లు పెట్టిన మహానుభావుణ్ణి నేనే. ఏడాదిపాటు ఆ ఫోను మళ్లీ అడగదు. కొత్త ఫైలనుకుని తెచ్చుకుంటుందని, పేరు చివర వెర్షన్ 1.4ని 1.5 చేశాను. అయినా గులాబీయే! ఈసారి సైటుని నడిపే వర్డ్‌ప్రెస్‌లోని క్యాష్ ప్లగిన్. 1.4 అని రాసున్న పాత పేజీనే దాచుకుని అందరికీ పంచుతోంది. నేను లాగిన్ అయి ఉన్నాను కాబట్టి నాకు మాత్రం వేడివేడిగా వండి వడ్డిస్తోంది. ప్లగిన్ ఆపాను.

"ఆఁ, ఇప్పుడొచ్చింది ఎరుపు" అన్నారు. అప్పటికి రెండున్నర. కింద కర్రీ పాయింట్‌లో పప్పు అయిపోయి సాంబారే మిగిలింది.

ఇందాక పడుకోబోతుంటే గుర్తొచ్చింది, ప్లగిన్ ఇంకా ఆపే ఉంది. దానికి మూడు గంటల గడువులాంటిదేం లేదు. లేచి ఆన్ చేసి, లాగిన్ లేకుండా ఇన్‌కాగ్నిటో విండోలో ఓసారి చూద్దును కదా, ఆవకాయది పాత రేటే. తిట్టుకుంటూ క్యాష్ రెండుసార్లు ఖాళీ చేశాను. చివరికి అడ్మిన్‌లోకి వెళ్లి చూస్తే, రేటు నేనసలు మార్చనే లేదు.