గుద్దితే వెలిగే లైట్లు

చేవెళ్ల దారి, మర్రిచెట్ల కింద చీకటి, వెనక తాండూరు నాపరాళ్ల లోడు. సరిగ్గా అక్కడే బావ లారీకి హెడ్‌లైట్లు ఆరిపోయాయి. డ్యాష్‌బోర్డు మీద ఒక్కటి గుద్దాడు, వెలిగాయి. మొయినాబాద్ వచ్చేలోపు నాలుగుసార్లు గుద్దాడట.

ఆటోనగర్ ఎలక్ట్రీషియన్ ఫ్యూజులు మార్చి, వైర్లు కెలికి, చివరికి మాడ్యూల్ పోయిందన్నాడు. లైట్లు, వైపర్లు, ఇండికేటర్లు చూసుకునే పెట్టె అది. కొత్తది 28 వేలు, రావడానికి వారం. కిస్తీ వారం ఆగదు. బావ దాన్ని తువ్వాల్లో చుట్టుకుని వనస్థలిపురంలో మా ఇంటికొచ్చాడు. "ఒకసారి సూడరాదురా."

గుద్దితే వెలుగుతున్నాయనగానే నాకు సగం అర్థమైంది. డబ్బా టీవీల కాలంలో రిపేరు నేర్చుకున్నవాణ్ణి. నెత్తిన ఒక్కటిస్తే బొమ్మొచ్చే టీవీలో చాలాసార్లు దొరికేది డ్రై సోల్డరే, అంటే టంకం పట్టు వదిలిన అతుకు. చిప్పు కాలిపోయుంటే ఎంత గుద్దినా రాదు కదా. బ్రేకుల మాడ్యూలైతే మాత్రం బావ కాళ్లు పట్టుకున్నా ముట్టేవాణ్ణి కాదు.

లోపల లైట్లకు కరెంటు కలిపి తెంచే స్విచ్చు, రిలే, ఉంటుంది. మూత తీసి భూతద్దం పెడితే దాని లోహపు కాలి చుట్టూ వెంట్రుకంత నల్లటి గీత. లారీది 24 వోల్టులు. రెండు 70 వాట్ల బల్బులంటే దాదాపు 6 ఆంపియర్లు ఆ ఒక్క కాలి గుండానే పోవాలి. లైటు వేస్తే వేడెక్కడం, ఆర్పితే చల్లారడం, పైన రిలే బరువు, కింద మన రోడ్లు. టంకం చిట్లక ఏం చేస్తుంది?

25 వాట్ల నా పాత సోల్డరింగ్ ఐరన్‌తో దిగాను. అదే తప్పయింది. బోర్డు మీద ఉన్నది సీసం లేని టంకం, 217 డిగ్రీలు దాటితే గానీ కరగదు. మా కాలపు సీసం కలిసిన 60/40 టంకం అయితే 190కే నీరైపోయేది. పైగా దళసరి రాగి పట్టీ వేడినంతా లాగేసుకుంటోంది. కరగలేదని అదిమి పట్టాను, టంకం అతుక్కునే రాగి బిళ్ల, ప్యాడ్ అంటాం, దాని అంచు లేచింది. బావ వెనకే నిలబడి చాయ్ తాగుతున్నాడు. నేను కిక్కురుమనలేదు.

మర్నాడు కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి 60 వాట్ల ఐరన్, టంకం బాగా పట్టడానికి ఫ్లక్స్, పాత టంకం పీల్చే రాగి అల్లిక, కడగడానికి ఐసోప్రొపైల్, మీద పూయడానికి వార్నిష్ తెచ్చాను. అన్నీ కలిపి రెండు వేలు దాటలేదు. బోర్డు మీది పూత బ్లేడుతో గీకి, పాత టంకం తీసేసి, రిలే కాళ్లన్నిటికీ కొత్తది పోశాను. ఒక్కదానికే పోస్తే రేపు పక్కది చిట్లుతుంది. లేచిన ప్యాడ్‌ని నమ్మబుద్ధి కాలేదు. కాలి నుంచి పట్టీ దాకా తీగతో జంపర్ వేశాను. స్క్రూడ్రైవర్ పిడితో తడుతూ మల్టీమీటర్ పెడితే బీప్ ఎక్కడా తెగలేదు.

బ్యాటరీ నెగటివ్ ఊడదీసే ఉంచాం కాబట్టి, పెట్టె బిగించాక అది తగిలించి స్విచ్ వేశాం. వెలిగాయి. బావ గట్టిగా రెండు గుద్దులు గుద్ది చూశాడు. ఆరలేదు.

అప్పుడు చెప్పాను ప్యాడ్ సంగతి.

"నాకెర్కేరా," అన్నాడు, "మాడిన వాసనొచ్చింది కదా."